గరిటె నొప్పి

పోస్టింగ్ రోజు 641

ఈ పుస్తకం పేరు అవగాహన దినచర్య. అంగారకం మీద కాపలా కాస్తున్న సైనికుడి కష్టాలు ఇంట్లోవాళ్ళకి ఎంతవరకు అర్థమయ్యాయో ఇంట్లోవాళ్ళే రోజూ రాసి, నెలాఖరుకి వీరకుటుంబ అవగాహన శాఖకి పంపాలి. శాఖవారు చదివి ముద్ర వేసి తిప్పి పంపుతారు. చదువుతారనే నమ్మకంతో మొదటి ఏడాది నేను చాలా శ్రద్ధగా రాశాను. పక్కింటి కుమారి మాత్రం నాలుగు నెలలుగా ఇందులో వంటలు రాస్తోంది. పోయిన నెల ఆమె రాసిన గోంగూర రొయ్యల పేజీ మీద "అవగాహన సంతృప్తికరం" అని ముద్ర పడింది. అంచేత ఇవాళ్టి నుంచి నేను నిజాలే రాద్దామని నిశ్చయించుకున్నాను. చదివేవాళ్ళు లేనప్పుడు అబద్ధం రాయడానికి కష్టపడటం దేనికి?

నా పేరు హైమావతి. మా ఆయన హవల్దారు గౌరునాయుడు అంగారకం ఉత్తరపు మంచు దగ్గర పాళెంలో ఉన్నాడు. ఆ మంచు మనదని ఆయన తుపాకీ పట్టుకుని నిలబడతాడు. అవతలి గట్టున ఇంకో దేశం వాడు అది తమదని ఇంకో తుపాకీ పట్టుకుని నిలబడతాడు. ఇంతవరకు ఎవరూ ఒక్క గుండు పేల్చలేదు. చలి మాత్రం ఏ దేశమని అడక్కుండా ఇద్దరినీ కొరుకుతోంది. నేనూ మా అత్త దాలమ్మా టెక్కలి అవతల సైనిక నివాసాల్లో, మూడో లైను పదహారో ఇంట్లో ఉంటాం.

నా చేతికి బూడిదరంగు పట్టీ ఒకటి ఉంటుంది. ఆయన చేతికీ అలాంటిదే. ఆయనకి ఆకలేస్తే నాకు ఆకలేస్తుంది, ఆయనకి నిద్రొస్తే నాకు నిద్రొస్తుంది, ఆయన వేలు నలిగితే నా వేలు సలుపుతుంది. నా సంగతులు ఆయనకీ అలాగే చేరతాయి. అటునుంచి ఇటు రావడానికి పావుగంట. "వారి బాధ మీ బాధ" అని పట్టీ మీద చెక్కించారు. ఇది రాకముందు సైనికుల పెళ్ళాలకి బాధ అంటే ఏమిటో తెలియక చాలా సుఖపడిపోయేవాళ్ళమని శాఖవారి అభిప్రాయం.

అక్కడి రోజు మన రోజు కన్నా నలభై నిమిషాలు పెద్దది. కాబట్టి మా లైన్లో ఆడవాళ్ళందరి ఆకలీ రోజుకి నలభై నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఈ వారం మా మధ్యాహ్న భోజనం సాయంత్రం ఐదింటికి. ప్రతి ఇంట్లోనూ గోడకి రెండు గడియారాలు, ఒకటి ఊరిది, ఒకటి పాళెంది. అత్తకి పట్టీ లేదు. "నా కడుపుది టెక్కలి టైమే" అంటుంది, పన్నెండు కొట్టగానే తినేసి చెయ్యి కడుక్కుంటుంది.

ఇవాళ నెలవారీ పాఠం. సంక్షేమాధికారిణి మృణాళిని గారు వచ్చి, సైనికుడి చలి మాకు అర్థం కావాలని తలా ఒక ఐసుముక్క చేతిలో పెట్టి, నిమిషం సేపు పట్టుకోమన్నారు. నలభైమందిమి కళ్ళు మూసుకుని పట్టుకున్నాం. మా అత్త తన ముక్కని మజ్జిగ చెంబులో వేసుకుంది. ఆవిడకి అవగాహన లేదని రాసుకున్నారు.

పోస్టింగ్ రోజు 644

ఆయన వారపు కబురు వచ్చింది. "హైమా, నేను క్షేమం. చలి పెద్దగా లేదు. తిండి బాగుంది. అమ్మని అడిగానని చెప్పు." ఆరువందల రోజుల్లో ఎనభై తొంభై కబుర్లు వచ్చి ఉంటాయి. ఒకదాన్ని తీసి ఇంకోదాని చోట పెట్టినా తేడా తెలియదు.

ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. ఇది మా ఇళ్ళలో ఆచారం. సైనికుడు ఇంటికి క్షేమమనే రాయాలి, ఇంటివాళ్ళు సైనికుడికి క్షేమమనే రాయాలి. మా మామగారు ముప్ఫై ఏళ్ళు సైన్యంలో చేశారు. అత్త ఇవాళ బియ్యం ఏరుతూ చెప్పింది.

"మీ మావకి కాల్లో గుండు దిగీసింది. ఆస్పత్రి మంచం మీదనుంచి రాసినాడు, నాను బాగున్నాను, ఇక్కడ పువ్వులు బాగా పూసినాయి అని. ఆ ఏడే తుపానొచ్చి మన ఇంటికప్పు ఎగిరిపోయి ఎక్కడో పొలంలో పడ్డాది. నానేటి రాసినానో తెలుసా? ఈ ఏడు ఇంట్లోకి గాలీ ఎలుతురూ బాగా వస్తన్నాయి అని."

ఆ అబద్ధాల పని పట్టడానికే ఈ పట్టీ కనిపెట్టారట. నోరు అబద్ధమాడినా ఒళ్ళు ఆడదు కదా అన్నారు. శాఖవారికి ఒళ్ళు తెలుసు గానీ మావాళ్ళు తెలియదు. పోయిన వర్షాకాలం నాకు విషజ్వరం తగిలి ఎనిమిది రోజులు మంచం దిగలేదు. మొదటి రోజే పట్టీ ఊడదీసి అత్త చేతికి తొడిగాను. ఆయన అక్కడ కంగారు పడితే ఎవరు ఓదారుస్తారు? ఆ ఎనిమిది రోజులూ ఆయనకి ముప్ఫై నాలుగేళ్ళ పెళ్ళాం మోకాళ్ళు పీకి ఉంటాయి, మెట్టెక్కితే ఆయాసం వచ్చి ఉంటుంది. ఆయన ఒక్కమాట అడగలేదు. ఎంత ఓర్పు గల మనిషో అనుకున్నాను.

పోస్టింగ్ రోజు 649

కుడిభుజం నొప్పి మళ్ళీ మొదలైంది. నాలుగు నెలలుగా ఇదే వరస. పాళెం గడియారంలో తొమ్మిదింటికి కళ్ళు మండుతాయి, పదింటికి కుడిభుజం పట్టేస్తుంది, పదకొండుకి నడుం. పన్నెండింటికి కడుపు నిండిపోయి కునుకొస్తుంది. యుద్ధభూమి అంటే ఇంతేనా అని నాకే సిగ్గేసేది. కాపలా మనిషి కదా, తుపాకీ మోసి మోసి భుజం పట్టేసి ఉంటుంది పాపం అనుకుని జాలిపడ్డాను కూడా.

ఇవాళ అత్త నూనె రాస్తూ రాస్తూ ఆగిపోయింది. వేలితో రెక్క ఎముక కింద నొక్కింది.

"ఇక్కడేనా?"

"అక్కడే."

"కళ్ళు మండతాయా ముందు?"

"మండుతాయి."

"ఒలమ్మ! ఇది గరిటె నొప్పే పిల్లా. మా అయ్య పెళ్ళిళ్ళకి వండీవోడు. ముందు ఉల్లిపాయలు, ఆ తర్వాత డేగిసాలో పులుసు కలిపీవోడు. సరిగ్గా ఈ బొమిక కిందే పట్టీసీది." తర్వాత నూనె చెయ్యి చీరకి తుడుచుకుంది. "నా కొడుకు పుర్రసెయ్యోడు. తుపాకైనా, గరిటైనా, అన్నం ముద్దైనా ఎడం సేత్తోనే. నాను కొట్టినా మానలేదు. ఈ నొప్పి ఆడిది కాదు."

అంటే నాలుగు నెలలుగా నా ఒంట్లో ఉన్నది మా ఆయన కాదు. పాళెం వంటవాడు. ఆయన పేరు యేసుబాబు అనీ, పెళ్ళి కాలేదనీ, వంట సిబ్బందికి పట్టీలు ఇవ్వరనీ మా ఆయనే ఒకప్పుడు చెప్పాడు. నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. నేను అత్త చేతికి తొడిగి చేసిన పనే ఆయనా చేశాడని, ఆయన ఓర్పు రహస్యం ఇదేనని అర్థమయ్యాక ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆ తర్వాత భయం పట్టుకుంది. నేను జ్వరమొస్తేనే పట్టీ తీశాను. ఆయన దేనికి తీశాడు?

పోస్టింగ్ రోజు 650

కుమారి ఇంటికి వెళ్ళేసరికి ఆ పిల్ల కుడిభుజానికి వేడినీళ్ళ సంచి పెట్టుకుని కూర్చుని ఉంది.

"అప్పా, మా ఆయన ఫిరంగి దగ్గర పనిసేస్తాడు కదా, దాని అదురుకి అలగైపోతందేమో," అంది.

"మీ ఆయన ఫిరంగిలో ఉల్లిపాయలు తరుగుతున్నాడా?" అన్నాను.

ఇద్దరం కలిసి మూడో లైను మొత్తం తిరిగాం. ఎవరిల్లు చూసినా ఏదో ఒక తైలం వాసన. ఏడుగురికి కుడిభుజం నొప్పి. ఏడుగురు మొగుళ్ళు, ఒక్కటే గరిటె. పట్టీ తొడుక్కున్నది ఎవరో చూసే ఏర్పాటు పట్టీలో లేదట. శాఖకి అంకె వస్తే చాలు, అది ఏ మనిషి నుంచి వచ్చిందో వాళ్ళకి అనవసరం. మా గదుల్లో ఏడు పెళ్ళిఫోటోలు వేలాడుతుంటే, మా ఒళ్ళు మాత్రం పద్ధతి ప్రకారం ఆ యేసుబాబుతో కాపురం చేస్తున్నాయి. కుమారి సిగ్గుతో ముఖం కప్పుకుంది. తర్వాత ఆపకుండా నవ్వింది.

పోస్టింగ్ రోజు 656

గోరుచుట్టు మీద రోకటిపోటు. శాఖ నుంచి కాగితం వచ్చింది, బంగారు అంచుతో.

"పట్టీ లెక్కగట్టిన మీ సైనికుడి సుఖసూచి వరసగా నూరు రోజులు తొంభైకి పైన నమోదైనందుకు అభినందనలు. పాళెం జీవితానికి ఆయన అద్భుతంగా అలవాటుపడ్డారు. అందువల్ల ఆయనకి గౌరవ పొడిగింపు మంజూరు చేయడమైనది."

గౌరవ పొడిగింపు అంటే ఆయన 700వ రోజు బయల్దేరే ఓడ ఎక్కడు. ఆ ఓడ తప్పితే మళ్ళీ ఓడ ఇరవై ఆరు నెలలకి. భూమీ అంగారకమూ అంతవరకు దగ్గరికి రావు, వాటి గొడవలు వాటివి. నన్ను బాధపెట్టకూడదని ఆయన హాయిగా తిని పడుకునే మనిషి చేతికి పట్టీ కట్టాడు. శాఖ ఆ హాయి చూసి, ఇంత సుఖంగా ఉన్నవాణ్ణి ఇంటికి పంపడం దేనికని అక్కడే ఉంచేసింది. మావాళ్ళ మంచితనం చివరికి ఇలా ఏడ్చింది. ఏడిళ్ళకీ ఏడు బంగారు అంచు కాగితాలు వచ్చాయి.

అత్త కాగితం తిరగేసి చూసి, "ఆడికి ఎక్కడో బాగులేదు. బాగుంటే సొంత సేతికే కట్టుకునీవోడు," అంది. నాకూ అదే అనిపిస్తోంది. ఇంకో ఇరవై ఆరు నెలలు అంటే ఏమవుతుందో ఆలోచించడానికి ధైర్యం లేదు.

పోస్టింగ్ రోజు 658

మృణాళిని గారి ఆఫీసుకి వెళ్ళాను. కుర్చీ వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు, "మీ త్యాగం" అని రెండుసార్లు అన్నారు.

"మా ఆయనకి ఆరోగ్యం బాగులేదేమోనని అనుమానంగా ఉందండీ," అన్నాను.

"చూడండి హైమావతి గారూ, మీవారి సుఖసూచి తొంభై ఆరు. ఈ కుర్చీలో కూర్చున్న నాదే డెబ్బై నాలుగు," అన్నారు ఆవిడ, కాస్త అసూయగానే. "ఆయన శరీరమే బాగున్నానని చెబుతుంటే మీరు కాదంటారేమిటి? ఇది అవగాహన లోపం కిందికి వస్తుంది. దినచర్య రాస్తున్నారా?"

"రోజూ రాస్తున్నానండీ."

"మీ కుమారి గారి దినచర్య ఆదర్శంగా ఉంటుంది. చూసి నేర్చుకోండి."

అసలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే యేసుబాబు మీదా ఏడుగురి మీదా విచారణ, పాళెంలో ఖైదు గది. సైనికుడి పెళ్ళాం మరో సైనికుడి మీద చాడీ చెప్పిందన్న పేరు మా అత్త బతికుండగా నాకు రాకూడదు. మింగేశాను. అభ్యంతరానికి దారేమిటని మాత్రం అడిగాను. దారి ఉందట. ఒక పూర్తి అంగారక దినం, అంటే ఇరవై నాలుగు గంటల నలభై నిమిషాలు, సుఖసూచి నలభైకి దిగువన నడవాలి. ఆ సేపంతా ఇంట్లోవాళ్ళు పట్టీ తీయకూడదు, తీస్తే లెక్కలోకి రాదు. గడువు 670వ రోజు.

కాబట్టి ఆయన తన పట్టీ తనే కట్టుకోవాలి. ఆ మాట ఆయనకి చెప్పడమెలా? కబుర్లన్నీ శాఖ వింటుంది. దినచర్య ఒక్కటే వాళ్ళు చదవరు, అది ఆయనకి చేరదు.

పోస్టింగ్ రోజు 660

దారి అత్తే చెప్పింది. "నీ ఒంటి మీద ఏటైతే ఆడికి తెలుస్తాది కదేటి? అయితే గిల్లు."

పాళెం గడియారం పది కొట్టింది. భుజం పట్టేయడం మొదలైంది. కుడిచేతిని మూడుసార్లు గట్టిగా గిల్లుకున్నాను. అరగంట దాకా ఏమీ లేదు. ఒక్కసారిగా గరిటె ఆగింది. పులుసు మాడిపోతున్నా ఆ మనిషి కదలకుండా నిలబడి ఉంటాడని నాకు తెలిసిపోయింది. తర్వాత నా కుడిచేతి మీద, ఎవరూ ముట్టుకోకుండానే, మూడు గిల్లుళ్ళు పడ్డాయి.

నాకు ఏడుపొచ్చింది. ఎవడో తెలియని మనిషి, కోట్ల మైళ్ళ అవతల, ఔనమ్మా నేనే అంటున్నాడు. వెంటనే ఎడమచేతిని గిల్లాను, ఎర్రగా కందిపోయేదాకా గిల్లుతూనే ఉన్నాను. పాళెంలో ఎడమచేతివాటం మనిషి మా ఆయన ఒక్కడే. యేసుబాబుకి అర్థమై తీరాలి.

అరగంట తర్వాత ఒక్క చిన్న గిల్లుడు వచ్చింది. ఆ తర్వాత గరిటె మళ్ళీ తిరగసాగింది.

పోస్టింగ్ రోజు 663

మూడు రోజులుగా గరిటె నొప్పి తప్ప ఇంకేమీ లేదు. యేసుబాబు చెప్పే ఉంటాడు, మా ఆయన వద్దని ఉంటాడు. నా పెళ్ళాం బాధపడకూడదు అని రొమ్ము విరుచుకుని ఉంటాడు. ఆ మహానుభావుడి ఔదార్యం ఇంకో ఇరవై ఆరు నెలలు భరించే ఓపిక నాకు లేదు.

గడువు ఏడు రోజులే. ఇవాళ ఏడుగురం మా వరండాలో కూర్చున్నాం. అవతలివాడు వంటవాడు. వంటవాడికి తట్టుకోలేనిది ఏమిటి? చలి కాదు, గుండు కాదు. ఎదటి మనిషి ఆకలి.

అంచేత ఏడిళ్ళలోనూ పొయ్యి మానేశాం. పలచటి మజ్జిగ తప్ప ఏమీ తీసుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాం. చేతులకి ఏడు పట్టీలు కట్టుకున్నవాడికి ఏడు ఆకళ్ళు కలిసి వెళతాయి. కడుపునిండా తిన్నా తీరని ఆకలి ఎలా ఉంటుందో యేసుబాబుకి అవగాహన కలగాలి.

పాపం, ఆయన మంచివాడు. రాసేటప్పుడు కూడా నాకు బాధగానే ఉంది.

పోస్టింగ్ రోజు 665

మూడో రోజు. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. అత్త పన్నెండింటికి కంచం ముందు కూర్చుని, నన్ను చూసి, తినకుండానే లేచిపోయింది. టెక్కలి టైము తప్పడం ఇదే మొదటిసారి.

యేసుబాబు మాత్రం తింటూనే ఉన్నాడు. నిన్న అన్నం మీద అన్నం, ఇవాళ తెల్లవారిన దగ్గర్నుంచి నాలుగుసార్లు. ఆయన కడుపు ఉబ్బరం నాకు తెలుస్తోంది, నా ఆకలి తీరట్లేదు. మధ్యాహ్నం ఆయన కుడిచేతిని తనే గిల్లుకున్నాడు, బతిమాలుతున్నట్టు, పదిసార్లు. నేను జవాబివ్వలేదు. ఏడుపు ఆపుకుంటూ మజ్జిగ తాగాను.

సాయంత్రం మా ఆయన వారపు కబురు వచ్చింది. "హైమా, నేను క్షేమం. చలి పెద్దగా లేదు. అమ్మని అడిగానని చెప్పు." అక్కడ కాస్త ఆగాడు. "వేళకి తిను."

తన చేతికి లేని పట్టీ నా ఆకలి ఆయనకెలా చెప్పింది? ఆ కబురు ఏడుగురికీ వినిపించాను. కుమారి అంత నీరసంలోనూ చప్పట్లు కొట్టింది. యేసుబాబు అక్కడ ఏడుగురు మొగుళ్ళ ప్రాణాలూ తోడేస్తున్నాడని తేలిపోయింది.

పోస్టింగ్ రోజు 666

వరండాలో కూర్చుని అత్త కోసం చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. పాళెంలో పదిన్నర. భుజం నొప్పి ఉన్నట్టుండి తెగిపోయింది. పావు నిమిషం ఏమీ లేదు. నేను ఒంటరిగా నా ఒంట్లో ఉన్నాను.

తర్వాత చలి వచ్చింది. ఐసుముక్క చలి కాదు. ఎముకలోంచి బయటికి వచ్చే చలి. దాని వెనక గుండె. నేను పీట మీద కదలకుండా కూర్చున్నాను, గుండె మాత్రం ఎవరో తరుముతున్నట్టు కొట్టుకుంటోంది. కళ్ళ వెనక వారాల తరబడి నిద్రలేని మంట. ఆ తర్వాత ఎడమచెయ్యి. మోచేతి నుంచి మణికట్టు దాకా నిప్పు. బొటనవేలు ఉంది, చూపుడువేలు ఉంది. మిగతా మూడు వేళ్ళు లేవు. నా కళ్ళెదురుగా చిక్కుడుకాయ పట్టుకునే ఉన్నాయి, కానీ వాటిలో ప్రాణం తెలియట్లేదు.

ఆయన చేతిరాత చూసి నాలుగు నెలలైంది. రాసే పలక పాడైంది, ఇకమీదట మాటలే పంపిస్తానని చెప్పాడు. నేను నమ్మాను. చేతివేళ్ళని చలి తినేస్తుంటే, డాక్టరు దగ్గరికి వెళితే కాపలా నుంచి తప్పిస్తారనీ, నాకు తెలిస్తే ఏడుస్తాననీ, ఎవరికీ చెప్పకుండా ఆ చేత్తోనే తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు నెలలు! నేను ఇక్కడ యేసుబాబు నడుంనొప్పికి తైలం రాసుకుంటూ, మా ఆయన బాగానే ఉన్నాడని ధీమాగా పడుకున్నాను.

గంట తిరక్కుండా మృణాళిని గారు ఫోన్ చేశారు. "హైమావతి గారూ, మీ పట్టీ చెడిపోయింది. సుఖసూచి పంతొమ్మిది చూపిస్తోంది. వెంటనే తీసేయండి, కొత్తది పంపిస్తాను."

"చెడిపోలేదండీ, ఇవాళే బాగుపడింది."

"అంత బాధ మీరు భరించనక్కర్లేదండీ. నిబంధనల్లో ఉంది, ఇంట్లోవాళ్ళు ఎప్పుడైనా తీసేయవచ్చు."

"ఆయన ఎప్పుడు తీసేయవచ్చో నిబంధనల్లో ఉందాండీ?"

ఆవిడ మామూలు మనిషి గొంతుతో, "చాలా నొప్పిగా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. రెండేళ్ళలో నేను శాఖకి చెప్పిన మొదటి నిజం అదే.

అత్త గంజి కాచి తెచ్చింది. ఆయనకి తెలియాలని వేడివేడిగా తాగాను. నా కుడిచేత్తో ఆ మూడు వేళ్ళనీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అరగంట గడిచాక, తరుముతున్న గుండె కొంచెం నెమ్మదించింది. ఆయన గుండెనో, నాదో, తెలుసుకునే ఉపాయం లేదు.

పోస్టింగ్ రోజు 667

ఇరవై నాలుగు గంటల నలభై నిమిషాలు పూర్తయ్యాయి. మధ్యలో మూడుసార్లు పట్టీ మీద చెయ్యి వేశాను, తీసేద్దామని. మూడుసార్లూ అత్త నా చెయ్యి పట్టుకుంది. సుఖసూచి ఒక్కసారి కూడా ఇరవై ఆరు దాటలేదు. అభ్యంతర పత్రం మీద సంతకం పెట్టి, నేనే నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చాను.

మా లైన్లో నిన్న ఏడుగురికీ ఎవరి మొగుడు వాళ్ళకి తిరిగొచ్చాడు. ఒకామెకి ఊపిరితిత్తుల్లో దుమ్ము, ఒకామెకి వట్టి దిగులు. కుమారి పరుగెత్తుకొచ్చి, "పన్ను నొప్పి అప్పా! ఉత్త పన్ను నొప్పే!" అని నా మెడ పట్టుకుని నవ్వింది. వాళ్ళాయన సుఖసూచి డెబ్బై ఒకటి. అంటే ఆయనకి గౌరవ పొడిగింపు ఖాయం. ఆ సంగతి తట్టాక మా గడపలోనే కూర్చుని ఏడ్చింది. పక్కన కూర్చున్నాను.

పోస్టింగ్ రోజు 676

రెండు కాగితాలు ఒకేసారి వచ్చాయి. మొదటిది శాఖది, ఈసారి బంగారు అంచు లేదు. గౌరవ పొడిగింపు రద్దు. గౌరునాయుణ్ణి వైద్య కారణాల వల్ల 700వ రోజు ఓడలో పంపించేస్తున్నారు. ప్రభుత్వపు పట్టీని అన్యుల చేతికి తొడిగినందుకు హవల్దారు పదవి నుంచి ఒక మెట్టు దించారు. వంటవాడు యేసుబాబు చేతుల మీద ఏడు పట్టీల గుర్తులు కనిపించాయట. పద్నాలుగు రోజులు ఉల్లిపాయలు ఒలవాలని శిక్ష వేశారు, వంటవాడికి! నేను ఎడమచేత్తో నా కుడిభుజం నిమురుకున్నాను. నొప్పి లేదు. కొంచెం వెలితిగానే ఉంది.

రెండోది ఆయన ఉత్తరం, పాడైందన్న పలక మీదే రాసి పంపిన దాని అచ్చు. మాట కాదు, రాత. కుడిచేత్తో రాశాడు. అక్షరాలు బడిలో వేసిన పిల్లాడివిలా, ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నాయి. అత్త కళ్ళజోడు పెట్టుకునే ఉంది, అయినా నన్నే చదవమంది. చదివాను.

"హైమా, చెయ్యి బాగా నొప్పిగా ఉంది. మూడు వేళ్ళు తీసేస్తారట. నాకు భయంగా ఉంది. నెలల నుంచి నిద్ర లేదు. ఆ రోజు నువ్వు గంజి తాగినప్పుడు కాసేపు నిద్రపోయాను. నాకు ఇంటికి రావాలనుంది. అమ్మతో కూడా చెప్పు, దాచొద్దు."

అత్త అంది, "ముప్ఫై ఏళ్ళు రాసినాడు మీ మావ. ఇలాటి ఉత్తరం ఒక్కటి రాయనేదు. ఒక్కటి రాసుంటే నానెళ్ళి తెచ్చుకుందునే." కళ్ళజోడు తీసి ఒడిలో పెట్టుకుంది. "మళ్ళీ సదువు."

మళ్ళీ చదివాను. ఇంకోసారి అంది. మూడోసారి "నాకు భయంగా ఉంది" దగ్గరికి వచ్చేసరికి కాగితం ఒడిలోకి దించేశాను. మిగతాది అత్తే, కాగితం వంక చూడకుండా, చివరిదాకా చెప్పింది.